కవర్లో ఎంతుందో బస్సెక్కాక చూసుకునే పని

ప్రశ్న: మాది చిత్తూరు, గ్రీమ్స్‌పేట. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. మా అబ్బాయికి 26 ఏళ్లు. బీకాం చదివి తిరుపతిలో ఒక బైకుల షోరూములో అకౌంట్స్ చూస్తున్నాడు, జీతం 18,500. చిన్నప్పటి నుంచీ చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఇప్పుడు శుక్ర, శనివారాలు సభలు, ఆదివారం రెండు ఆరాధనలు. ఉద్యోగం మానేసి ఫుల్‌టైమ్ వర్షిప్ లీడర్‌గా, అంటే ఆరాధనలో పాటలు నడిపించేవాడిగా రమ్మని, దేవుడు చూసుకుంటాడని వాళ్ల పాస్టర్ గారు అంటున్నారట. పెళ్లయి ఏడాదిన్నర. కోడలికి ఐదో నెల, డిసెంబరు ఆఖర్లో కాన్పు. ఆమె నగలు కుదువ పెట్టి స్టూడియో పెడతానంటున్నాడు. సంగీతం బతుకుతెరువు అవుతుందా? దేవుని పనికి అడ్డు పడకూడదనీ ఉంది, కొడుకు సంసారం ఏమవుతుందోనని భయమూ ఉంది.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబ్బాయి మాట ఉంది, పాస్టర్ గారి మాట ఉంది, మీ భయం ఉంది. కోడలు ఏమంటోందో మాత్రం ఒక్క ముక్క లేదు. నగలు ఆమెవి. శనివారం అర్ధరాత్రి సభ ముగించుకుని వచ్చే మనిషికి తలుపు తీసేది ఆమె. ఈ జవాబు అబ్బాయికి చూపించే ముందు ఆమెతో ఒక పూట కూర్చుని మాట్లాడండి. మామగారి ఎదుట నోరు విప్పకపోతే మీ ఇంట్లో ఆడవాళ్లను అడగమనండి.

నేను చర్చికి వెళ్లేవాణ్ణి కాను, ముందే చెబుతున్నా. కానీ మా వీధి చివర జరిగిన ఒక ఉజ్జీవ సభలో కీబోర్డు అబ్బాయి వెనకే కుర్చీ వేసుకుని కూర్చున్నాను ఒకసారి. పాడే ఆవిడ శ్రుతి చెప్పకుండానే పాట ఎత్తుకుంది. సగం లైను అయ్యేలోపు ఆ పిల్లాడు స్కేలు పట్టుకుని, శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కి కలిసిపోయాడు. ఆఖర్లో పాస్టర్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. అరగంట సేపు ఎడమ చేత్తో మెల్లని స్వరం పట్టి ఉంచాడు. మాట మీదికి వస్తే తగ్గించాడు, జనం ఏడుస్తుంటే కాస్త పెంచాడు. పక్కన పెట్టిన టీ మీద మీగడ కట్టింది. అంతా అయ్యాక ఎవరో వచ్చి జేబులో కవర్ పెట్టారు. తెరవలేదు. అక్కడ తెరిస్తే బాగోదట, బస్సెక్కాక చూసుకుంటారట.

అది చిన్న పని కాదు, చాలా నేర్పు కావలసిన పని. చిక్కంతా ఆ కవర్ దగ్గరుంది. ఎంత ఇవ్వాలో ఇచ్చేవాళ్లకు తెలీదు, ఎంత అడగాలో వాయించేవాడికి తెలీదు, అడిగితే దేవుని పనికి వెల కట్టావంటారేమోనని భయం. మన తిరుపతిలో నాదస్వరం, డోలు వాయించే ఇళ్లను అడిగి చూడండి. గుడిలో వాయించడం వేరు, పెళ్లి మేళం వేరు. పెళ్లికైతే అడ్వాన్సు పుచ్చుకోకుండా కదలరు. అందువల్ల వాళ్ల భక్తి తగ్గిందని ఎవరూ అనలేదే!

మీ అబ్బాయీ ఆ గీత గీసుకోవాలి. సొంత చర్చిలో ఆదివారం వాయించేది అర్పణ. దానికి డబ్బు వద్దనుకుంటే వద్దు. పొరుగూరి సభలు, పెళ్లి ఆరాధనలు, పాటల రికార్డింగులు మాత్రం పని. వాటికి రేటు ముందే చెప్పాలి, దారి ఖర్చులు వేరే అని కూడా చెప్పాలి. ఇంటి బియ్యం ఆదివారం మీద ఆధారపడితే ఆ ఆరాధన కూడా బరువైపోతుంది. పాస్టర్ గారితో ఒకరోజు మాట తేడా వచ్చిందనుకోండి, ఉద్యోగం, చర్చి, స్నేహితులు అన్నీ ఒకేసారి పోతాయి. ఇది నేను చూసిన సంగతే.

పాస్టర్ గారి పిలుపును అనుమానించమని కాదు. అడగవలసినవి అడగాలి: నెలకు ఎంత, ఏ తేదీన, వారంలో ఏ రోజు సెలవు, బయటి ప్రోగ్రాములకు వెళ్లొచ్చా, అక్కడ కట్టిన పాటలు ఎవరివి. ఇవి కాగితం మీద ఉండాలి. అడగడానికి అబ్బాయి మొహమాటపడితే బైబిల్లోనే నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయం తీయమనండి. నాకు ఒక క్రైస్తవ లెక్చరర్ మిత్రుడు చూపించాడు. రావలసిన పాళ్లు అందక, మందిర సేవ చేసే లేవీయులూ గాయకులూ మందిరం వదిలి పొలాలకు వెళ్లిపోయారని ఉంది అక్కడ. నెహెమ్యా తప్పు పట్టింది గాయకులను కాదు, అధికారులను. పౌలు డేరాలు కుడుతూ సువార్త చెప్పాడన్న సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ఈ ఏడాది మానొద్దు. పే స్లిప్పులో ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉందేమో చూడమనండి. 21,000 లోపు జీతగాళ్లకు, షోరూము ఆ చట్టం కిందికి వస్తే, అది ఉండాలి. ఉంటే భార్య వైద్యానికీ కాన్పుకీ వర్తిస్తుంది, తిరుపతిలో ఈఎస్‌ఐ ఆసుపత్రి కూడా ఉంది. ఐదో నెలలో ఆ కార్డు వదులుకోవడం ఏ లెక్కన చూసినా తెలివైన పని కాదు. అకౌంట్స్ చూసే కుర్రాడికి ఈ లెక్క నేను చెప్పాల్సి రావడం కొంచెం వింతే.

సంగీతంతో బతకొచ్చా అంటే, బతకొచ్చు. కాకపోతే సభలతో కాదు, పాఠాలతో. క్రైస్తవ ప్రోగ్రాములకు సీజను ఉంటుంది. డిసెంబరంతా పండక్కి ముందే జరిపే సెమీ క్రిస్మస్‌లు, 31 రాత్రి ఆరాధన, ఆ తర్వాత చల్లబడుతుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాలు నలభై రోజులూ పెళ్లిళ్లు ఉండవు. కీబోర్డు నేర్చుకునే పిల్లలు మాత్రం ఏడాది పొడుగునా ఉంటారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, వారానికి నాలుగు రోజులు, పన్నెండు మంది, తలా 800 అనుకోండి: 9,600. ఇంటిపట్టున ఉంటూ వచ్చే డబ్బు.

తల్లిదండ్రులు సర్టిఫికెట్ అడుగుతారు. లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల గ్రేడు పరీక్షలు మన దేశంలోనూ జరుగుతాయి. ఇనీషియల్ అనే తొలి మెట్టు తర్వాత ఒకటి నుంచి ఎనిమిది దాకా గ్రేడ్లు. కింది గ్రేడ్లు రాసి తీరాలన్న నియమం లేదు, ఇన్నేళ్లు వాయించినవాడు సాధన చేసి నేరుగా ఐదుకో ఆరుకో కూర్చోవచ్చు. చెవితో నేర్చుకున్నవాళ్లకు స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవడమే అసలు పరీక్ష, ఆరు నెలలు పడుతుంది. బడిలో సంగీతం టీచరు కావాలంటే దారి వేరు. కేంద్రీయ విద్యాలయాల ప్రైమరీ సంగీతం పోస్టుకు సంగీతంలో డిగ్రీ అడుగుతారు, బీకాం సరిపోదు. ఇంకో మాట. పాత క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటల మీద రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఈ కాలం కీబోర్డు పిల్లల్లో చాలామంది ఆ లైను దాటేసి పల్లవికి వెళ్లిపోతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలు కట్టింది కర్ణాటక రాగాల్లోనే. ఎవరైనా గురువు దగ్గర ఓ ఏడాది కర్ణాటక సంగీతం తొలి పాఠాలైన సరళీస్వరాలు పట్టుకుంటే మీ అబ్బాయి చెయ్యి మిగతావాళ్ల చెయ్యి కంటే వేరుగా పలుకుతుంది.

తను కట్టిన బాణీలు ఇతరుల యూట్యూబ్ చానెళ్లలో పేరు లేకుండా వస్తున్నాయేమో అడగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా ఇవ్వాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే. ఆరాధనలో ఎవరి పాటైనా పాడుకోవచ్చు, మతపరమైన కార్యక్రమానికి చట్టం మినహాయింపు ఇచ్చింది. అదే పాట రికార్డు చేసి చానెల్లో పెడితే మాత్రం సంగతి వేరు, దాని మీద వచ్చే డబ్బు అసలు హక్కుదారుకు వెళ్లొచ్చు. సొంత చానెల్ పెట్టినా యాడ్స్ డబ్బు మొదలవ్వాలంటే మామూలు వీడియోలకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. దాన్ని నమ్ముకుని నగలు తాకట్టు పెట్టేవాణ్ణి అయితే నేను కాను.

డిసెంబరు గురించి ఇప్పుడే తేల్చుకోవాలి. కాన్పు ఆఖర్లో అన్నారు, అంటే క్రిస్మస్ వారం. ఆ నెలలోనే అతనికి ఫోన్లు ఎక్కువ. 10వ తేదీ తర్వాత తిరుపతి దాటే ప్రోగ్రాము ఏదీ ఒప్పుకోవద్దు. చర్చిలో వాయించగల ఇంకో పిల్లాణ్ణి ఈ ఆగస్టు నుంచే పక్కన కూర్చోబెట్టి తయారు చేయాలి. క్రిస్మస్ ఆరాధన మధ్యలో ఫోన్ వస్తే కీబోర్డు వదిలి లేచేలా ఉండాలి. ఆ సంగతి పాస్టర్ గారికి అతనే స్వయంగా ముందుగా చెప్పాలి, మీరు కాదు.

నగలు బీరువాలోనే ఉండనివ్వండి. రికార్డింగుకు ఇప్పుడున్న కంప్యూటర్, కీబోర్డు శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, మంచి హెడ్‌ఫోన్స్ చాలు. గది గోడలకు నురగ పలకలు అంటించడం తర్వాత చూద్దాం. పాఠాల డబ్బు వేరే ఖాతాలో వేయమనండి. ఆ ఖాతా కోడలి పేరు మీద తెరవండి. జూన్ దాకా అందులో ఎంత జమయిందో చూసి, ఆ అంకెతో మళ్లీ నాకు రాయండి. ఫుల్‌టైమ్ మాట అప్పుడు మాట్లాడుకుందాం.