ఆ కాఫీ మెషీన్ తీసెయ్యి

అమ్మా,

ఆశీస్సులు. విజయనగరం నుంచి నువ్వు పంపిన మూడు అధ్యాయాలూ చదివాను. భాష శుభ్రంగా ఉంది. బీటెక్ పిల్లలకి ఆటోమేటా సిద్ధాంతం (గుర్తులు ఒక్కోటీ చదువుతూ స్థితి మార్చుకునే యంత్రాల లెక్క) తెలుగులో చెప్పాలని పూనుకోవడం మంచి పని. మెచ్చుకోలు ఇక్కడికి చాలు, నాకు ఒళ్ళు మండిన చోటుకి వస్తాను.

రెండో అధ్యాయం తెరవగానే నాణెం వేస్తే కాఫీ పోసే మెషీన్ పెట్టావు. మీ ఊళ్ళో మూడు లాంతర్ల కూడలి దగ్గర టీ తాగే పిల్లాడికి గ్లాసు అందించేది మనిషి. ఆ మెషీన్ ఏ పుస్తకం చూసినా ఉంటుంది, ప్రతి పుస్తకంలోకీ ఇంకో పుస్తకంలోంచి వచ్చింది. పోనీ అది సరిగ్గానైనా గీశావా? చెల్లని నాణెం వేస్తే ఏ స్థితికి వెళ్తుందో బాణమే లేదు. డిటర్మినిస్టిక్ అని పేరు పెట్టాక ప్రతి స్థితి నుంచీ ప్రతి గుర్తుకీ ఒక్కో బాణం ఉండి తీరాలి. చచ్చిన స్థితి (తప్పు గుర్తు వస్తే వెళ్ళి పడేది, మళ్ళీ బయటికి రాలేనిది) గీయడం మరిచిపోతే మిడ్ పరీక్షలో నువ్వే మార్కులు కోస్తావు కదా!

నా పట్టు ఒక్కటే. సిద్ధాంతం చెప్పడం, పిల్లల అంచనా తప్పే ఉదాహరణతో మొదలవ్వాలి. నిర్వచనం తరవాత రావాలి. నువ్వు మూడు అధ్యాయాల్లోనూ నిర్వచనం, ఉదాహరణ, అభ్యాసం అనే వరసే పట్టుకున్నావు.

ల్యాబ్‌లో పిల్లల చేత పైథాన్‌లో ‘తెలుగు’ అనే మాట తిరగేయించు. కోడ్ ఒక్క లైను. ‘గులుతె’ వస్తుందనుకుంటారు, రాదు. మొదట్లో కొమ్ము ఒంటరిగా వేలాడుతుంది (చాలా ఫాంట్లలో పక్కన చుక్కల వలయం కూడా కనిపిస్తుంది), వెనక ‘గులెత’. ఎందుకంటే యూనికోడ్‌లో ఆ మాట త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులు. తిరగేస్తే కొమ్ము ముందుకొస్తుంది. తరవాత ‘స్త్రీ’ పొడవు అడగమను. కంటికి ఒక్క అక్షరం, పైథాన్ ఆరు అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే 18 బైట్లు.

ఇప్పుడు ప్రశ్న వెయ్యి: ఏ వరసలో గుర్తులు వస్తే ఒక అక్షరం అవుతుంది? గుర్తులు ఐదు రకాలు చాలు. అచ్చు, హల్లు, గుణింతం గుర్తు, పొల్లు, నిండుసున్న (విసర్గని దాంట్లోనే కలిపెయ్). చివరగా చూసిన గుర్తు రకమే స్థితి. మొదలు స్థితి, చచ్చిన స్థితి కలిపితే ఏడు స్థితులు, 35 గడుల పట్టిక. అన్నీ పిల్లల చేతే నింపించు. మొదట్లోంచి అచ్చుకీ హల్లుకీ మాత్రమే దారి. హల్లు నుంచి గుణింతానికి, పొల్లుకి, సున్నకి. పొల్లు నుంచి మళ్ళీ హల్లుకే. అచ్చు నుంచి, గుణింతం నుంచి సున్నకి. మిగిలినవన్నీ చచ్చిన స్థితికి.

పొల్లు దగ్గర క్లాసులో గొడవ రావాలి. ‘మేడమ్, బస్ అన్నప్పుడు ఆ స్ ఒక అచ్చరం కాదేటి?’ అని ఎవడో అడగాలి. అడగకపోతే నువ్వే అడుగు. ఒప్పుకుంటే పొల్లు స్థితికి రెండో వలయం గీస్తారు, అక్కడ ఆగినా చెల్లుతుందని, అంటే అంగీకార స్థితి అని దాని గుర్తు. అంగీకార స్థితి అంటే మనం తీసుకునే నిర్ణయమని అప్పుడు తెలుస్తుంది.

అచ్చు వరసా, గుణింతం వరసా పక్కపక్కన పెట్టి చూడమను. రెండూ అంగీకార స్థితులే, ఐదు గడులూ ఒకటే. కలిపేస్తే ఆరు స్థితులు, 30 గడులు. మినిమైజేషన్ (స్థితులు తగ్గించడం) అయిపోయింది, దానికి వేరే అధ్యాయం ఎందుకు?

ఆరు స్థితుల మీద ‘స్త్రీ’ నడిపించు. ఆరు గుర్తులు చదివేలోపు, మొదలుతో కలిపి ఏడు చోట్ల నిలబడాలి, ఉన్నవి ఆరే స్థితులు. ఏదో ఒకటి మళ్ళీ వచ్చి తీరుతుంది. ఇక్కడ వచ్చేది హల్లు స్థితి. స తరవాత ఒకసారి, త తరవాత ఇంకోసారి. మధ్యలో ఉన్న ‘పొల్లు, త’ తీసేస్తే ‘స్రీ’, రెండుసార్లు వేస్తే ‘స్త్త్రీ’. తెలుగు మాస్టారు కొట్టేస్తారేమో గానీ యంత్రం రెండింటినీ ఒప్పుకుంటుంది. పంపింగ్ లెమ్మా అంటే ఇదే. లెమ్మా వాక్యం బోర్డు మీద దీని తరవాతే రాయి.

అది చెయ్యకపోబట్టే మూడో అధ్యాయంలో బోల్తా పడ్డావు. 0లు ఎన్నో 1లు అన్నే ఉండే భాష రెగ్యులర్ కాదని (ఇలాంటి స్థితుల యంత్రం దేనికీ అందదని) చూపడానికి, లెమ్మాలో చెప్పే పొడవు పిలో సగం 0లు, సగం 1లు తీసుకుని, మధ్య ముక్క తీసేస్తే లెక్క చెడుతుందన్నావు. మాటని మూడు ముక్కలు చేసేది నువ్వు కాదమ్మా, ఆ భాష రెగ్యులరే అని వాదించే ఎదుటివాడు. వాడు సరిగ్గా అతుకు దగ్గర ‘01’ పట్టుకుంటాడు. తీసేస్తే ఒక 0 పోయింది, ఒక 1 పోయింది, మిగిలింది భాషలోనే ఉంది. నీ నిరూపణ పోయింది. పి బేసి సంఖ్య అయితే సగమే కుదరదు. పి 0లు, వాటి వెనక పి 1లు తీసుకో. మొదటి రెండు ముక్కలూ కలిపి పి దాటకూడదు కాబట్టి మధ్య ముక్కలో అన్నీ 0లే ఉంటాయి, తప్పించుకోలేడు. పి వాడిది, మాట నీది, విరగ్గొట్టడం వాడిది, ఎన్నిసార్లు వెయ్యాలో నీది. బోర్డు ముందు ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి ఈ నాలుగు ఎత్తులూ ఆడించు. పీపీటీలో చూపిస్తే మాత్రం ఎవరి ఎత్తు ఎవరిదో కలిసిపోతుంది.

ఇలా రాస్తే పుస్తకాల కంపెనీ ఎడిటర్ ఒప్పుకోడు, ముందే చెబుతున్నాను. అధ్యాయం మొదట్లో ‘ఉపయోగాలు’ అని డబ్బా, చివర రెండు మార్కుల ప్రశ్నలు అడుగుతాడు. తప్పు నిరూపణ అచ్చేస్తే పిల్లలు అదే బట్టీ పడతారంటాడు. బట్టీకి పనికొచ్చేలా వేసిన గైడ్లమ్మి బతికేవాళ్ళకి ఆ బెంగ ఎందుకో! నీ తప్పు నిరూపణ అలాగే ఉంచి, కింద ఎదుటివాడి ‘01’ ఎత్తు వెయ్యి. ఆ పేజీ పుస్తకం మొత్తానికి ఖరీదైన పేజీ అవుతుంది. ఏఐ గురించి ఒక అధ్యాయం కలపమంటే కలపకు.

పీహెచ్‌డీ ఎక్కడ చెయ్యాలి, సీఓ-పీఓ మ్యాపింగ్ (కోర్సు ఫలితాలకీ ప్రోగ్రాం ఫలితాలకీ లంకె చూపే) ఫైళ్ళ మధ్య రాయడానికి తీరిక ఎలా అని అడిగావు. వాటి సంగతి ఇంకోసారి. డబ్బు కట్టించుకుని వారంలో పేపరు అచ్చేసే జర్నళ్ళకి మాత్రం పంపకు.

రెండో అధ్యాయం మళ్ళీ రాశాక పట్టిక చేత్తో గీసి ఫొటో పంపు, టైపు చేసింది వద్దు. ఇంకోటి, ఈ యంత్రాల మీద ర్యాబిన్, స్కాట్‌ల పేపరు 1976 అని వేశావు. పేపరు 1959లో వచ్చింది. 1976 వాళ్ళకి ట్యూరింగ్ అవార్డు వచ్చిన ఏడు. దిద్దుకో.