సగటు కుదిరిందని ఆగిపోకు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. కణంలో సరుకు రవాణా, పొడవు నియంత్రణ మీద యాదృచ్ఛిక (అవకాశాన్ని బట్టి సాగే) నమూనా కట్టబోతున్నానని, ఏ ప్రోగ్రాంతో మొదలుపెట్టాలని అడిగావు. కంప్యూటర్ అప్పుడే తెరవకు. కాగితం మీద, క్లామిడోమొనాస్ కశాభంతో, అంటే దాని కొరడాలాంటి తోకతో మొదలుపెట్టు.

ఈ ఆకుపచ్చ శైవలానికి రెండు కశాభాలు, ఒక్కొక్కటి సుమారు 12 మైక్రాన్లు. కశాభాన్ని కట్టే ప్రొటీన్ ట్యూబులిన్, కొసన ఎప్పుడూ ఊడిపోతూనే ఉంటుంది. ఆ లోటు పూడ్చే సరుకును కైనెసిన్లనే మోటారు ప్రొటీన్లు కొసకు మోసుకెళ్తాయి, డైనీన్లనే మరో రకం మోటార్లు వాహకాలను వెనక్కి తెస్తాయి. ఊడే వేగం పొడవును బట్టి మారదు. మోసే బృందాల సంఖ్య కూడా పొడవు ఎంతైనా దాదాపు అంతే ఉంటుంది. గోడ లేచేకొద్దీ ఇటుకలు మోసే కూలీకి ఒక్కో విడత ఎక్కువసేపు పట్టినట్టు, కశాభం పెరిగేకొద్దీ కొసకు సరుకు అందడం తగ్గుతుంది. రాక, పోక సమానమైన చోట పొడవు నిలుస్తుంది. 2001లో మార్షల్, రోజెన్‌బామ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించింది ఇదే.

చాలామంది ఇక్కడే తృప్తిపడతారు. సగటు పొడవును ఎన్నో నమూనాలు సరిగ్గా చెప్పేస్తాయమ్మా. వాటిని విడదీసేది ఆ సగటు చుట్టూ ఉండే ఊగిసలాట.

నువ్వే వేసి చూడు. ట్యూబులిన్ జంట పొడవు 8 నానోమీటర్లు. ఒక్కో సంఘటనకు కశాభం అంత పెరుగుతుంది, లేదా అంత తగ్గుతుంది అనుకో. సమతుల్యత దగ్గర లెక్కిస్తే విస్తృతి (సగటు నుంచి తేడాల వర్గాల సగటు) ఆ అడుగుకూ సగటు పొడవుకూ లబ్ధం. అంటే దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం సుమారు 0.3 మైక్రాన్లు. ఊడే వేగం లెక్కలోంచి పూర్తిగా రద్దయిపోతుంది! ఇప్పుడు సరుకు ఒక్కొక్కటిగా కాక, 80 నానోమీటర్లు పెరిగేంత మూటగా దిగుతుందనుకో. సగటు కదలదు, విస్తృతి మాత్రం ఐదున్నర రెట్లవుతుంది. మూట ఎంతదో సగటు నీకు ఎన్నటికీ చెప్పదు, విస్తృతి చెబుతుంది. తొమ్మిది జంట నాళికలున్న అసలు కశాభానికి ఈ లెక్క మరీ సరళమే, అయినా ముందు ఇదే చెయ్యి.

తర్వాత ప్రతి నమూనాకూ రెండో కశాభం తగిలించు. ట్యూబులిన్ నిల్వ అయిపోవడం వల్లే పొడవు ఆగుతుందనే నమూనా ఒక కశాభానికి చక్కగా పనిచేస్తుంది. రెండు ఉంటే మొత్తం పొడవే స్థిరంగా ఉంటుంది, ఒకటి పెరిగి మరొకటి తరిగినా ఆపే శక్తి ఏదీ ఉండదు. జీవకణం అలా చెయ్యదు. 1969లో రోజెన్‌బామ్ బృందం ఒక కశాభాన్ని తెంపితే, అది మొలుస్తుండగా రెండోది కురచయింది. రెండూ సమానమయ్యాక కలిసి పూర్వపు పొడవుకు పెరిగాయి. నీ నమూనా ఈ పరీక్ష నెగ్గాలి.

ప్రోగ్రాంకు గిలెస్పీ పద్ధతి చాలు, అంటే సంఘటనలను ఒక్కొక్కటిగా యాదృచ్ఛికంగా ఎంచి నడిపించే పద్ధతి. అది ఇచ్చే విస్తృతి నీ చేతి లెక్కతో కలవకపోతే ముందుకు పోవద్దు. మోటార్లు దారిలో ఒకదాన్నొకటి అడ్డుకునే నమూనాలు చూడముచ్చటగా ఉంటాయి, కానీ రద్దీ ఉందన్న ఆధారం దొరికాకే వాటి జోలికి వెళ్లు.

ప్రయోగశాల వాళ్లను ఒకే కణంలోని రెండు కశాభాల పొడవులనూ కొంతకాలం వరుసగా కొలిచి ఇమ్మని అడుగు. వేర్వేరు కణాల నుంచి ఒక్కో కొలత తెస్తే, కణానికీ కణానికీ ఉన్న తేడా నీ ఊగిసలాటలో కలిసిపోతుంది, ఆపైన విడదీయడం చాలా కష్టం.

చేతి లెక్క అయ్యాక ఆ కాగితం ఫొటో తీసి పంపు, చూసి చెబుతాను.

మీ పెదనాన్న