పైకి లేచే తలుపు గీసే ముందు

చి. కార్తీక్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కారు బొమ్మలు చూశాను. రెక్కల్లా పైకి లేచే తలుపులు, పెయింటు లేని స్టీలు బాడీ. గీత బాగా కుదిరింది. మట్టి మోడల్‌కి చెయ్యి పెట్టేలోపు కొన్ని లెక్కలు తేల్చుకోవాలి.

ఈ తలుపు పైకే ఎందుకు లేవాలో ఒక్క వాక్యంలో రాసి పెట్టుకో. 1954 నాటి మెర్సిడెస్ 300 ఎస్ఎల్‌కి ఆ వాక్యం ఉంది. గొట్టాల ఫ్రేం పక్కల్లో బాగా ఎత్తుగా రావడంతో మామూలు తలుపుకి చోటు మిగల్లేదు, అందుకని తలుపును కప్పుకి తగిలించారు. 1981లో ఉత్పత్తి మొదలైన డెలోరియన్ డీఎంసీ-12 కారులో చాసిస్ (బండి కింది చట్రం) నడిమధ్యన వెన్నెముకలా వెళ్తుంది. ఆ నిర్బంధం దానికి లేదు, జనం ఆగి చూడాలన్నదే అసలు కోరిక. పక్కన అడుగు జాగా ఉంటే తెరుచుకుంటుందన్న మాట నిజమే. కానీ తెరిచాక ఎత్తు దాదాపు రెండు మీటర్లు. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో దూలం కింద వేలాడే డ్రైనేజీ పైపు ఎంత ఎత్తులో ఉందో టేపు పెట్టి కొలిచి చూడు.

ఇక బరువు. తలుపు 35 కిలోలు, దాని గరిమనాభి కీలుకి 55 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకో. నేలకు సమాంతరంగా వచ్చినప్పుడు కిందికి లాగే టార్క్, అంటే కీలు చుట్టూ తిప్పే బలం, దాదాపు 190 న్యూటన్ మీటర్లు. మూసి ఉన్నప్పుడు అంతకంటే తక్కువ. తలుపును స్ప్రింగ్‌లా పైకి లేపే మెలిపెట్టిన స్టీలు కడ్డీని టోర్షన్ బార్ అంటారు. దాని తీరు దీనికి సరిగ్గా వ్యతిరేకం: మూసినప్పుడు దాని మెలి గట్టిగా ఉంటుంది, తెరిచేకొద్దీ సడలుతుంది. ఆ తేడా పూడ్చడానికే గ్యాస్ స్ట్రట్, అంటే లోపలి గ్యాస్ ఒత్తిడితో తలుపును పైకి నెట్టే గొట్టం. డెలోరియన్ బార్లను విమానాల కంపెనీ గ్రమ్మన్ ద్రవ నైట్రోజన్ చలిలో మెలిపెట్టి తయారుచేసింది. వాటితో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా స్ట్రట్‌తోనే. కొన్నేళ్లకు దాని గ్యాస్ తగ్గి తలుపు వాలుతుంది. చాలామంది స్ట్రట్ మార్చకుండా బార్‌ని ఇంకాస్త బిగిస్తారు. దాంతో తలుపు ఒంకర తిరుగుతుంది, పైగా ఆ బార్ చెయ్యి జారితే ఎముక విరుగుతుంది.

కాబట్టి 10 డిగ్రీల చొప్పున పట్టిక వెయ్యి: తలుపు టార్క్, బార్ టార్క్, స్ట్రట్ టార్క్. స్ట్రట్ గడికి మూడు విలువలు రాయి. 20 డిగ్రీల సెల్సియస్‌లో కొత్తది, 45లో కొత్తది (బలం 8 శాతం పైగా పెరుగుతుంది), 70 శాతం బలమే మిగిలిన పాతది. మూడో విలువతో తలుపు నెత్తిన పడేటట్టుంటే డిజైన్ తప్పు.

అద్దం సంగతి మర్చిపోకు. తలుపు వంపు వల్ల డెలోరియన్‌లో అద్దం పూర్తిగా దిగదు, టోల్ కట్టే పాటి చిన్న కిటికీ మాత్రం తెరుచుకుంటుంది. మే నెలలో ఏసీ ఆగితే లోపల ఎవరుంటారు?

స్టీలు బాడీ మీద డెంటింగ్, పెయింటింగ్ అన్న అలవాటు పనికిరాదు. సొట్ట పడితే పుట్టీ పెట్టి రంగు కొట్టలేవు. రేకును వెనక నుంచి సాఫు చేసి, రేకు మీద ముందే ఉన్న సన్నటి మెరుగు గీతల దిశలోనే మళ్లీ రుద్దాలి. అంటించే పద్ధతి కూడా చూసుకో. టెస్లా వాళ్ల స్టీలు బండి సైబర్‌ట్రక్‌లో కప్పు అంచున వెళ్లే స్టీలు పట్టీని జిగురుతో అంటించారు. ఆ జిగురు పెళుసుబారి పట్టీ ఊడే ప్రమాదం ఉందని 2025 మార్చిలో 46,096 బండ్లను వెనక్కి పిలిచారు. మార్చిన పట్టీకి వేరే జిగురుతో పాటు స్టడ్, నట్టు కూడా పెట్టారు. నువ్వు ముందే పెట్టు.

జర్మనీ కంపెనీ ఎన్ఎస్‌యూ వాళ్ల ఆర్ఓ 80 కారు కూడా ఇలాంటి చిన్న భాగం దగ్గరే చితికింది. క్లాస్ లూథే గీసిన, 1967లో బయటికొచ్చిన ఆ ఆకారం ఇప్పటికీ పాతబడలేదు. దాని రోటరీ ఇంజిన్‌లో పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్ తిరుగుతుంది. ఆ రోటర్ కొసన గ్యాస్ జారకుండా ఆపే సీలు మూడు ముక్కలు, మూడూ ఒకే పదార్థం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడల్లా నడిమి ముక్క మిగతా వాటికంటే త్వరగా అరిగేది. 50,000 కిలోమీటర్లు తిరక్కుండానే ఇంజిన్లు మార్చాల్సి వచ్చింది. తర్వాత నడిమి ముక్కకి వేరే పదార్థం వాడి సరిదిద్దారు, కానీ వారంటీ ఖర్చు అప్పటికే కంపెనీ నడుం విరిచింది. 1969లో ఫోక్స్‌వ్యాగన్ చేతిలోకి పోయింది.

పరీక్ష విషయంలో మాత్రం క్రిస్లర్‌ని అనుకరించు. 1963 నుంచి తమ టర్బైన్ కారును (జెట్ విమానం తరహా ఇంజిన్ ఉన్నది) 203 కుటుంబాలకు మూడేసి నెలలు ఇచ్చి వాడించారు. యాక్సిలరేటర్ తొక్కాక బండి ఆలస్యంగా కదులుతోందని, ఇంధనం విపరీతంగా తాగుతోందని వాళ్లే చెప్పారు. నీ నమూనా తలుపు చెక్కతో చేసినా సరే, మోకాళ్ల నొప్పులున్న వాళ్లని, చీర కట్టుకున్న వాళ్లని, రెండు చేతుల్లో సంచులున్న వాళ్లని ఎక్కించి దించు. పైనుంచి బకెట్ నీళ్లు పోసి తలుపు తియ్యి. బీడింగ్ మీద నిలిచిన నీరు సీట్లో పడుతుందో, వాన గాడిలోంచి బయటికి పోతుందో అప్పుడు తెలుస్తుంది. బండి తిరగబడితే జనం ఎటు దిగాలో కూడా బొమ్మ మీదే గుర్తుపెట్టు.

తలుపు బరువు తూచి నాకు రాయి. 35 కిలోలు దాటితే ముందు గాజు మందం, లోపలి మోటార్లు చూద్దాం. పెద్ద స్ట్రట్ వేసే మాట ఆఖర్న.

మీ పెదనాన్న