వాగు రాళ్ళ మీది నాచు జావా మాసేనా? చేపల ట్యాంకులో వేయొచ్చా?

అనంతగిరి దగ్గర వాగులో రాళ్ళ మీద దొరికిన నాచు చేపల ట్యాంకుల్లో పెంచే జావా మాసేనా, ఊరి చెరువులో తేలుతున్నది రిచియా అనే నీటిమొక్కేనా అని ఒకరు అడిగారు.

చెరువుది తేల్చడం తేలిక. తెల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి కాస్త అందులో వేయండి. రిచియాకి ఆకూ కాండం అంటూ వేరుగా ఉండవు. మిల్లీమీటరు వెడల్పు ఉండీ లేనట్టున్న పచ్చటి రిబ్బను, పోయేకొద్దీ రెండేసిగా చీలుతుంది. తేలేదానికి వేర్లలాంటివి ఉండవు. మధ్యలో చిన్న చిన్న తిత్తులు కనబడితే అది యుట్రిక్యులేరియా, నీటిలోని పురుగుల్ని పట్టి తినే మొక్క. నేను తెచ్చిన రిచియాలో ఇది కలిసొచ్చింది. పోగుపోగునా ఏరినా, ఎక్కడో ఒక ముక్క మిగిలి మళ్ళీ అల్లుకునేది.

అసలు తిప్పలు రాతి మీదిదానితోనే. ఒక్క కొమ్మ గిల్లి, తడి ఆరకముందే పది రెట్ల భూతద్దంతో చూడండి. ఆకు మధ్యలో ఈనె ఉంటే మాస్ (అసలైన నాచు) అనుకోవచ్చు. లేదని మాత్రం కాదనేయకండి, జావా మాసుకే ఈనె సరిగ్గా కనబడదు. ఆకులు రెండు వరసల్లో ఉండి, కొసలు చీలి, కొమ్మ తిప్పితే అడుగున ఇంకో వరస బుల్లి ఆకులు కనబడితే అది ఆకుల లివర్‌వర్ట్, నాచుకి దగ్గరి చుట్టంలాంటి మొక్క. రెండు వరసలే ఉండి కోడి ఈకలా చదునుగా ఉంటే ఫిసిడెన్స్ అనే మాస్ కావచ్చు. దాని ప్రతి ఆకూ మొదట్లో రెండు పొరలై కాండాన్ని పట్టుకుని ఉంటుంది. ఈనె కూడా ఉంటుంది.

ఫొటో చూసి జాతి పేరు చెప్పేవాళ్ళని నేను నమ్మను. జావా మాస్ పేరుతో అమ్మేది టాక్సిఫిల్లం బార్బియేరి. చాలాకాలం దాన్ని వెసిక్యులేరియా డుబ్యానా అనే వేరే మాస్ అనుకున్నారు. ఈ రెంటినీ విడదీయాలంటే మైక్రోస్కోపులో ఆకు కణాలు చూడాల్సిందే: సన్నగా పొడుగ్గా ఉంటే మొదటిది, కురచగా వెడల్పుగా ఉంటే రెండోది.

ట్యాంకు సంగతికొస్తే, పేరు కన్నా అది రాయి మీద ఎక్కడ పెరిగిందన్నదే ముఖ్యం. తుంపర తగిలేచోట పెరిగినదాన్ని పూర్తిగా ముంచితే చాలాసార్లు కుళ్ళిపోతుంది. పైన చిన్న గిన్నెలున్న వెడల్పాటి మార్కాన్షియా (ఇదీ లివర్‌వర్టే) అయితే ఆశ వదులుకోండి. ఏడాది పొడుగునా నీటి అడుగునే ఉన్నదైతే ప్రయత్నించొచ్చు. కాకపోతే కొండవాగు చల్లదనం వేరు, ఎండాకాలం మన ట్యాంకులో ముప్పై డిగ్రీలు దాటే వేడి వేరు. ముందు విడిగా టబ్బులో పెట్టి కొత్త చిగుళ్ళు వచ్చేదాకా ఆగండి. తూనీగ పిల్లలు దాక్కుని ఉంటే అక్కడే బయటపడతాయి, లేకపోతే మీ గప్పీ చేపపిల్లల్ని మిగల్చవు. నీటి అడుగున వచ్చే చిగుళ్ళు పలచగా, వేరే మొక్కేమో అన్నట్టు ఉంటాయి కాబట్టి తర్వాత పోల్చి చూసుకోవడానికి ముంచేముందే ఒక కొమ్మ కాగితంలో మడిచి ఎండబెట్టి దాచండి.

పాపికొండల్లాంటి నేషనల్ పార్కుల్లో, అభయారణ్యాల్లో అనుమతి లేకుండా నాచు కూడా తీయకూడదు. ఈసారి ఫొటో పెడితే కొమ్మ అడుగు వైపుది, నీటి మట్టం కనబడేట్టు రాయిది కూడా పెట్టండి.