గుండె ఆపరేషన్ తర్వాత మత్తు మందు ఎంపిక గురించి

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

గుండె ఆపరేషన్ల ఐసీయూలో రాత్రి డ్యూటీలు మొదలయ్యాయనీ, ఏ రోగికి ఏ మత్తు మందు పెట్టాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. మందు పేరు తర్వాతి సంగతి. ఎదురొమ్ము ఎముకను కోసి తీగలతో కట్టించుకుని, ఛాతీలో రక్తం బయటికి తీసే గొట్టాలతో (డ్రెయిన్లతో) పడుకున్న మనిషి కదులుతున్నాడంటే మత్తు చాలలేదని వెంటనే మందు ఎక్కించే పంపు వేగం పెంచకు. నొప్పి తగ్గించే ఫెంటనిల్, పారాసిటమాల్ సరిపడా అందాయో లేదో, మూత్రపు గొట్టం మూసుకుపోయిందేమో, ఆక్సిజన్ తగ్గిందేమో ముందు చూడు. మత్తు మందులైన ప్రొపొఫాల్ గాని మిడజోలమ్ గాని నొప్పిని తగ్గించవు, దాన్ని చెప్పుకునే శక్తిని తగ్గిస్తాయి.

ఒళ్లు వెచ్చబడి, రక్తస్రావం తగ్గి, కొద్ది గంటల్లో శ్వాస ట్యూబు తీయగలమనుకున్న రోగికి ప్రొపొఫాల్ సరిపోతుంది, ఎందుకంటే పంపు ఆపిన కాసేపటికే అతను తేరుకుంటాడు. దానితో బీపీ పడిపోవడం మామూలే గాని, పడిపోయిన ప్రతిసారీ నెపం మందు మీద వేసి ఊరుకోకూడదు. గుండె చుట్టూ రక్తం చేరలేదని నమ్మకం కుదిరిన తర్వాతే ఆ మాట అనాలి. గంటకు కిలోకు 4 మిల్లీగ్రాములు మించి 48 గంటలు దాటి నడిపితే ప్రాణానికే ముప్పు.

డెక్స్‌మెడిటోమిడిన్ అనే మరో మత్తు మందు శ్వాసను పెద్దగా అణచివేయదు కనుక ట్యూబు తీస్తున్నప్పుడూ, తీశాకా కొనసాగించవచ్చు. అయితే నాడి బాగా నెమ్మదించవచ్చు. నేనైతే మొదట్లో ఒక్కసారిగా ఇచ్చే పెద్ద మోతాదు (లోడింగ్ డోసు) జోలికి పోను, వాల్వు మార్చిన రోగికైతే గుండెను కొట్టించే పేసింగ్ తీగలు పనిచేస్తున్నాయో లేదో చూడకుండా మొదలుపెట్టను. అది మతిభ్రమను ఆపుతుందని చాలామంది నమ్మారు గాని, 2020లో లాన్సెట్ పత్రికలో వచ్చిన డెకేడ్ పరిశోధనలో ఆ మేలు కనిపించలేదు.

మిడజోలమ్ చవక, ఎప్పుడూ చేతికందేదే. కిడ్నీలు దెబ్బతిన్నవారిలో అది పేరుకుపోతుంది. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా గుండె ఆపరేషన్ అయి వెంటిలేటరు మీద ఉన్నవారికి దానికన్నా ప్రొపొఫాల్‌నే సూచించాయి. మూర్ఛ వచ్చినవారికి, సారా మానడంతో వణుకు పట్టినవారికి దాన్ని ఉంచుకో.

లోతైన మత్తుకు ప్రత్యేక కారణం లేకపోతే మత్తు లోతును కొలిచే రాస్ స్కేలు మీద సున్నాకూ మైనస్ రెండుకూ మధ్య ఉంచు. మతిభ్రమ పరీక్ష దగ్గర మన జిల్లాలో ఒక చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాలు వరుసగా చదువుతూ, ‘ఏ’ వినబడినప్పుడల్లా చెయ్యి నొక్కమని ఆలూరు వైపు నుంచి వచ్చిన, కన్నడం తప్ప వేరే భాష రాని, బడి మొహం చూడని రైతును అడిగితే అతను ఏం నొక్కుతాడు? మతి చలించిందని రాసేస్తారు, ఆ రాత్రి మరో మత్తు మందు ఎక్కుతుంది. అలాంటివారికి బొమ్మల పరీక్ష పెట్టు, వారి భాష తెలిసిన సిస్టరును పిలిపించు. చెవి మిషను, కళ్లద్దాలు బంధువుల సంచిలోనే ఉండిపోయాయేమో కనుక్కో.

షిఫ్టు మారేటప్పుడు డోసుతో పాటు, ఏ స్థాయి మత్తు కావాలో, ఏ గంటకు తగ్గించి చూడాలో చార్టులో నీ చేత్తోనే రాసి వెళ్లు.

ఇట్లు,
మీ పెదనాన్న