రెక్క మొదట్లో పట్టీ పగిలితే

ప్రశ్న: అయ్యా, నేను టెక్సాస్‌లో ఉంటున్నాను. ఒకరు కిట్టు తెప్పించుకుని సొంతంగా నిర్మించుకున్న ఆర్‌వీ-7 విమానాన్ని కిందటి ఏడాది కొన్నాను. దాని వయసు దాదాపు 20 ఏళ్లు. రెక్కకూ విమాన దేహానికీ మధ్య సందును కప్పే అల్యూమినియం ఫెయిరింగ్ పట్టీలు స్క్రూ రంధ్రాల దగ్గర పగిలాయి. అంచు రబ్బరు గట్టిపడి పెయింటును గీరేస్తోంది. వీటిని నేనే మార్చుకోవచ్చా? ఎలాగూ మారుస్తున్నాను కనుక ఫైబర్‌గ్లాసుతో వెడల్పాటి వంపు ఫెయిరింగులు పెడితే వేగం పెరుగుతుందా?

జవాబు: మీరే మార్చుకోవచ్చు. అమెరికాలో ప్రయోగాత్మక తరగతి ధ్రువపత్రంతో ఎగిరే స్వయంనిర్మిత విమానాలకు మరమ్మతులు లైసెన్సు ఉన్న మెకానిక్కే చేయాలన్న నిబంధన లేదు. అయితే 12 నెలలకొకసారి జరిగే కండిషన్ తనిఖీపై సంతకం చేసే అధికారం విమానంతో పాటు మీ చేతికి రాలేదు. నిర్మించినవారు పొందిన రిపేర్‌మ్యాన్ ధ్రువపత్రం కొన్నవారికి బదిలీ కాదు కాబట్టి, తనిఖీకి ఆయననో, ఏ అండ్ పీ (విమాన దేహానికీ ఇంజనుకూ లైసెన్సు పొందిన) మెకానిక్కునో పిలుచుకోవచ్చు. పట్టీలు ఊడదీసే పనిని సరిగ్గా ఆ రోజులకే పెట్టుకోమని నా సలహా, ఎందుకంటే అక్కడ చూడవలసింది పట్టీని కాదు, పట్టీ ఇన్నేళ్లుగా కప్పి ఉంచిన చోటును.

ఆ ఇరుకు సందులో ట్యాంకు నుంచి దేహంలోకి వెళ్లే ఇంధన గొట్టం, ట్యాంకుకు గాలి అందించే సన్న గొట్టం, ఇంధన మట్టం చెప్పే మీటరు తీగ, ట్యాంకు ముందు భాగాన్ని దేహానికి పట్టి ఉంచే బ్రాకెట్ బోల్టు ఉంటాయి. టార్చిలైటు వేసి గొట్టాల బిగింపులను ఒక్కొక్కటిగా చూడండి. మీరు వాడేది 100ఎల్‌ఎల్ అనే విమాన పెట్రోలైతే అందులో నీలి రంగు కలుపుతారు కనుక, ఎంత చిన్న చెమ్మ ఊరినా అది ఆరిపోయిన చోట నీలిరంగు మరక మిగులుతుంది. ట్యాంకు అంచున గోరంత నీలిమరక కనిపించినా పట్టీ పని అక్కడితో ఆపి ముందు దాని సంగతి తేల్చుకోవాలి. సందు వెనక కొసన వెనుక స్పార్‌ను (రెక్క పొడవునా సాగే దూలాన్ని) దేహానికి కలిపే బోల్టు ఉంటుంది. దాని నట్టు మీద బిగించిన రోజున గీసిన రంగు గీత తెగిందా లేదా చూడండి. తెగితే నట్టు కదిలిందని అర్థం. బోల్టు రంధ్రం మధ్య నుంచి లోహపు అంచుకు 5/8 అంగుళం దూరం తగ్గకూడదు. నిర్మించినవారు ఇంటి షెడ్డులో వేసిన రంధ్రం కాబట్టి, మీ చేత్తో కొలిచి లాగ్‌బుక్కులో రాసుకోండి.

ఇక పట్టీల విషయం. పగుళ్లకు నేను ఎక్కువగా చూసిన కారణం, రేకును రెక్క వంపుకు తగ్గట్టు ముందే వంచకుండా స్క్రూల బలంతో లాగి కూర్చోబెట్టడం. అలా లాగిన రేకు ఎప్పుడూ బిగువులోనే ఉండి, ఇంజను కంపనానికి రంధ్రం అంచున చీలుతుంది. కొత్త పట్టీని బల్ల మీద ఒక విడి పైపుపై నెమ్మదిగా ఒత్తుతూ, స్క్రూ ఒక్కటీ లేకుండానే రెక్క మీద కుదురుగా కూర్చునే దాకా వంచండి. పాత పట్టీ రంధ్రాలు సాగిపోయి ఉంటాయి కనుక వాటిని అచ్చుగా వాడకండి. పల్చటి పారదర్శక ప్లాస్టిక్ షీటును రెక్క మీద పరిచి, కిందనున్న నట్‌ప్లేట్ల (స్క్రూలు బిగిసే, రెక్కకు అతికి ఉన్న నట్ల) మధ్య బిందువులను పైనుంచి చూస్తూ గుర్తు పెట్టి, అక్కడి నుంచి రేకు మీదికి దించుకోవాలి. రంధ్రం నుంచి రేకు అంచుకు కనీసం స్క్రూ వ్యాసానికి రెండింతల దూరం ఉంచి, ప్రతి రంధ్రం అంచునూ నునుపు చేయాలి. డ్రిల్లు పనంతా పట్టీని బల్ల మీద పెట్టుకునే చేయండి. రెక్క మీద చేస్తే మీ డ్రిల్లు కొనకు దగ్గర్లోనే ఇంధన ట్యాంకు ఉంటుందన్న మాట మరవకండి.

రబ్బరు దేహాన్ని తాకితే చాలు, నొక్కకూడదు. అది ఆనే గీత వెంట దేహానికి పారదర్శక రక్షణ టేపు అంటిస్తే పెయింటు నిలుస్తుంది. సందు పూడ్చడానికి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వద్దు, దాన్నుంచి వెలువడే ఆమ్లం అల్యూమినియాన్ని తినేస్తుంది. చివరగా ఫ్లాపులను (రెక్క వెనుక అంచున కిందికి వాలే పలకలను) పూర్తిగా దించి, ఎత్తి, పట్టీ వెనుక కొస ఎక్కడా తగలడం లేదని చూసుకోండి.

వెడల్పాటి ఫైబర్‌గ్లాసు వంపులు మీకు అవసరం లేదు. ఆర్‌వీ-7 దేహం పక్కలు రెక్క దగ్గర దాదాపు నిటారుగా ఉంటాయి, గాలి చిక్కుకునే ఇరుకు మూల అక్కడ లేదు. పైగా దీర్ఘచతురస్రాకారపు రెక్కలో స్టాల్ (గాలి తలాన్ని విడిచి రెక్క ఎత్తే బలం పడిపోవడం) రెక్క మొదలు దగ్గరే ఆరంభమై, అక్కడ చెదిరిన గాలి పైలట్‌కు ముందస్తు హెచ్చరికగా పనికొస్తుంది. ఆ మొదలు ఆకారాన్నే మార్చితే హెచ్చరిక ఎలా మారుతుందో పరీక్షించకుండా చెప్పలేము. ఎగిరే తీరును మార్చే పెద్ద మార్పు చేస్తే మీ విమాన నిర్వహణ పరిమితుల ప్రకారం అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏకు తెలిపి మళ్లీ పరీక్షా దశలో ఎగరవలసి రావచ్చు. ఉన్నది ఉన్నట్టు మార్చుకుంటే ఆ తిప్పలేవీ ఉండవు.

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ ఫొటోల్లో రెక్క మొదట్లో చక్కని వెడల్పు వంపు కనిపిస్తుంది. అది దేనికి? (విశాఖపట్నం నుంచి ఒక విద్యార్థి)

జవాబు: గుండ్రటి దేహానికి అడుగున రెక్క అతికితే దేహం పక్క కిందికి లోపలికి వంగుతూ వచ్చి, రెక్క పైతలంతో ఇరుకు మూల చేస్తుంది. రెక్క వెనుక సగంలో గాలి వేగం తగ్గుతూ పీడనం పెరుగుతుంది. అదే చోట దేహం కూడా తోక వైపు సన్నబడుతుంది. ఆ రెండిటినీ ఒరుసుకుంటూ నీరసించిన గాలి పొరలు మూలలో కలిసి, ఎదురు పీడనానికి ఆగలేక తలాన్ని విడిచి సుడులు తిరుగుతాయి. వంపు పెట్టి మూలను నింపితే గాలి మెల్లగా విప్పారడానికి చోటు దొరుకుతుంది. అందుకే వంపు ముందు సన్నగా మొదలై వెనుక అంచుకు వచ్చేసరికి బాగా వెడల్పవుతుంది.

ఈ సుడులను తేలిగ్గా తీసుకోరాదని 1930 జులై 21న తెలిసింది. ఇంగ్లండులోని కెంట్ జిల్లా మెపమ్ గ్రామం మీద యుంకర్స్ ఎఫ్13 విమానం గాలిలోనే విరిగి ఆరుగురు చనిపోయారు. రెక్కలను విడిచిన సుడిగాలి తోకను బలంగా కుదిపి విరిచిందని బ్రిటిష్ పరిశోధకులు తేల్చారు. 1933లో ఎగిరిన డగ్లస్ కంపెనీ ప్రయాణికుల విమానం డీసీ-1 మొదలుకొని డీసీ-3 దాకా రెక్క మొదట్లో మీరు చూసే నిండైన వంపు పని, తోకకు వెళ్లే గాలిని కుదురుగా ఉంచడమే.