టెక్ సందేహాలు: జంతువులను చంపిన స్ప్రెడ్‌షీట్

ప్రశ్న: గుర్తు వేసిన జంతువులను 20 విడతలు పట్టి చూశాం. ఆర్‌మార్క్‌లో (జంతువుల మనుగడను అంచనా వేసే, ఆర్ భాషలోని ప్యాకేజీ) లెక్కిస్తే మొదట్లో గుర్తు వేసినవన్నీ చివరి విడతల్లో ఒక్కసారిగా చచ్చిపోయినట్టు వస్తోంది. ప్రోగ్రామ్ లోపమా?

జవాబు: కాదు, మీ స్ప్రెడ్‌షీట్ నిర్వాకం. మళ్లీ మళ్లీ వస్తున్న ఫిర్యాదే ఇది. దొరికితే 1, దొరక్కపోతే 0 అని మీరు రాసిన వరుసను అది ఒక పెద్ద సంఖ్య అనుకుంటుంది. 15 అంకెలే ఉంచుకుని మిగతావి సున్నాలు చేస్తుంది. మొదటి విడతలో గుర్తు వేసిన జంతువు 18వ విడతలో దొరికినా ఆ 1 గల్లంతే. మూడో విడతలో మొదలైన వరుసకైతే ముందున్న రెండు సున్నాలూ ఊడిపోతాయి. పొడవులు కలవడం లేదని ఆర్‌మార్క్ మొరాయిస్తే కొందరు చివర్లో సున్నాలు అతికిస్తారు. దాంతో ఆ జంతువు రెండు విడతలు ముందే దొరికినట్టవుతుంది. అడగకుండా డేటా మార్చి, మార్చానని కూడా చెప్పని డిజైన్ ఇది!

సెల్‌ను ఇప్పుడు టెక్స్ట్‌గా మార్చినా పోయిన అంకెలు రావు. ఫీల్డ్ పుస్తకం నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే. ఈసారి జంతువు దొరికిన ప్రతిసారికీ ఒక అడ్డువరుస, అందులో జంతువు గుర్తింపు, విడత నంబరు మాత్రమే ఉండాలి. 0, 1 వరుసను ఆర్ తయారుచేస్తుంది: టేబుల్ ఫంక్షన్‌తో పట్టిక చేసి, 1 దాటినవాటిని 1కి దించి, పేస్ట్‌జీరో ఫంక్షన్‌తో అంకెలను కలపండి. విడతను ముందుగా 1 నుంచి 20 వరకు లెవెల్స్‌తో ఫ్యాక్టర్ (నిర్ణీత విలువల జాబితా ఉన్న కాలమ్) చేయకపోతే ఏమీ దొరకని విడత పట్టికలోంచే జారిపోతుంది. తయారైన వరుసలను సీఎస్‌వీగా దాచి మళ్లీ చదివేటప్పుడు, కాలమ్ రకాలు చెప్పే కల్‌క్లాసెస్‌లో సీహెచ్ కాలమ్‌ను (0, 1 వరుస ఉన్నది) క్యారెక్టర్ అనండి, అంటే సంఖ్య కాదు, అక్షరాలని. అక్షరాలు లెక్కించే ఎన్‌క్యార్ వేస్తే అన్ని వరుసలకూ 20 రావాలి.

ఆ తర్వాత కూడా చివరి అంచనా ఒక్కటే వింతగా ఉంటే కంగారొద్దు. మనుగడ, దొరికే అవకాశం రెండూ కాలంతో మారే మోడల్‌లో చివరి మనుగడ, చివరి దొరికే అవకాశాల లబ్ధమే తేలుతుంది, విడివిడిగా తేలవు.

ఇంతకన్నా భయపెట్టింది మీరు జతచేసిన ఫైల్. అక్షాంశ రేఖాంశాలు, రేడియో కాలర్ ఫ్రీక్వెన్సీల కాలమ్‌లను హైడ్ చేసి పంపారు. హైడ్ చేస్తే కనబడవంతే, పోవు; రెండు క్లిక్కులతో బయటికొస్తాయి. వేటగాడికి ఇంకేం కావాలి? సెషన్ మొత్తం దాచిన ఆర్‌డేటా ఫైల్‌తోనూ ఇదే ప్రమాదం. మార్క్ ప్రోగ్రామ్‌కు డేటా ఇచ్చే ఐఎన్‌పీ ఫైల్‌లో స్లాష్, నక్షత్రాల మధ్య రాసుకునే వ్యాఖ్యలను లెక్కలో వదిలేస్తారు కానీ చదివేవాడికి అవి కనబడతాయి. మనుగడ లెక్కకు స్థలంతో పనిలేదు కాబట్టి సీహెచ్, గ్రూపు కాలమ్‌లను మాత్రమే కొత్త ఫైల్‌లోకి ఎగుమతి చేసి పంపండి. పాత ఫైల్‌ను ‘లింక్ ఉన్న ఎవరైనా’ అని పంచి ఉంటే ఆ లింకును ఈ రోజే ఆపేయండి.